హక్కుదారు గడిలో పేరు

కడప,
12 ఫిబ్రవరి 2005

నాయనా సుంకప్పా,

నేను సుదర్శన్ వాళ్ల నాయనను, వంకదారి నారాయణను. నవంబరులో కర్నూలు ఆసుపత్రి దగ్గర నిన్ను చూసిందే చివరిసారి. ఆ రోజు నాకంటే నీవే ఎక్కువ తిరిగావు. యాక్సిడెంటు కేసని పోలీసుల కాగితాలు, డాక్టరు సంతకాలు అన్నీ నీవే చూసుకున్నావు. నేను మాత్రం నీకు ఒక్క మాట చెప్పకుండా నా కొడుకును వ్యానులో ఎక్కించుకుని వచ్చేశాను. మనసులో పెట్టుకోవద్దు. తర్వాత ఫోన్ చేద్దామని నంబరు నొక్కి పెట్టేశాను. మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నవాళ్లు. నీ గొంతు వింటే దాని వెనకాలే వాడి గొంతు కూడా వినిపిస్తుందేమోనని భయమేసింది. అందుకే ఉత్తరం.

సంగతేమిటంటే, మా వీధిలో కాలేజీకి పోయే అమ్మాయి ఒకతె మొన్న మీ అత్త నాగలక్ష్మమ్మతో "అన్న పేరు మీద ఇంటర్నెట్టులో సైటు ఉండాది పెద్దమ్మా, ఫొటో కూడా ఉండాది" అని చెప్పిందట. ఆ సాయంత్రమే ఇద్దరం ఏడు రోడ్ల కూడలి దగ్గరున్న ఇంటర్నెట్ సెంటరుకు పోయాము. అక్కడాయన ఏదో నొక్కాడు. వాడు కనిపించాడు. గండికోట గోడ మీద కూర్చుని ఉన్నాడు. వెనకాల లోయలో పెన్న, గాలికి లేచిన జుట్టు. పైన పేరు, మా ఇంటిపేరుతో సహా. మీ అత్త చేత్తో తెరను తడిమింది. ఆయన వద్దనబోయి ఊరుకున్నాడు. కింద ఇంగ్లీషులో చాలా రాసి ఉంది. మాకు రాదు, ఆయనకూ తీరిక లేదు.

ఇది ఎన్నాళ్లుంటుందని అడిగితే, "పేరుకు ఏటేటా కట్టాలప్పా. కట్టకుంటే పోతాది. అప్పుడు ఎవరైనా తీసుకోవచ్చు" అన్నాడు. పేరు పోవడమేమిటి నాయనా? మనిషి పోయాడు. పేరునైనా ఉండనీ. దానికి ఏం చేయాలో నాకు తెలియదు, నీవే చూడాలి. ఖర్చు నాది.

ఇంకొక మాట. వాడు ఉద్యోగం కోసమే కర్నూలు వచ్చాడు. అంగడి వాడికి పట్టలేదు, అంతే. మా ఇద్దరి మధ్యా వేరే ఏమీ లేదు. వాడు నీతో ఇంకోలా చెప్పి ఉంటే అది కుర్రతనం అనుకో.

మీ అత్త నిన్ను అడిగానని రాయమంది.

నారాయణ

•

బుధవారపేట, కర్నూలు,
20 ఫిబ్రవరి 2005

పూజ్యులు నారాయణ మామ గారికి,

మీ ఉత్తరం చూసి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. వాడి మంచం ఇంకా గదిలోనే ఉంది. ఇంకొకరిని పెట్టుకోమని ఇంటి యజమాని అంటున్నాడు, నాకే చేతకావడం లేదు.

సైటు సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట వేసవిలో, మేమిద్దరం రాజ్‌విహార్ దగ్గర కంప్యూటర్ పాఠాలు చెప్పే చోట కూర్చుని ఆ పేరు రిజిస్టరు చేశాము. ఇంటర్నెట్టులో ఒక పేరు ప్రపంచం మొత్తానికీ ఒకరికే దొరుకుతుంది మామా, బండి నంబరు లాగా. 'సుదర్శన్' అని ఒక్కటే కొడితే, అప్పటికే ఎవరో తీసుకున్నారని వచ్చింది. ముందు ఇంటిపేరు పెట్టి కొడితే దొరికింది. వాడు కాస్త నవ్వి, "సరే, పెట్టు" అన్నాడు. హైదరాబాదులో ఈ పేర్లు అమ్మే ఏజెంటుకు డ్రాఫ్టు పంపాలి. నాకు బ్యాంకులో ఖాతా ఉంది కనుక నేను తీశాను. అలా హక్కుదారు గడిలో నా పేరు పడింది. తర్వాత మార్చుకుందామన్నాము, మార్చలేదు.

మే నెలలో గడువు తీరుతుంది. ఆలోపే నేను కట్టేస్తాను. మీరు ఏమీ పంపవద్దు. ఆ మాత్రం నన్ను చేయనివ్వండి.

లోపలి పేజీల గురించి మీరు బాధపడనక్కర్లేదు. అవి ఎక్కువగా కంప్యూటర్ పాఠాలు. చదివించుకున్నా విసుగే. ఫొటోలు చూసుకోండి. గండికోటవి ఇంకో నాలుగు నా దగ్గర ఉన్నాయి, అత్త కోసం కడిగించి పంపుతాను.

మీ
సుంకప్ప

•

కడప,
9 ఏప్రిల్ 2005

సుంకప్పకు,

ఫొటోలు అందాయి. మీ అత్త దేవుని గూట్లో పెట్టుకుంది. నేను ఈ ఉత్తరం రాస్తున్నది అందుకు కాదు.

మన దగ్గర ఏళ్ల తరబడి పసుపు కొనే మద్రాసు వ్యాపారి మొన్న ఒక కవరు పంపాడు. ఈ ఏడు సరుకు వద్దని రెండు ముక్కలు, దాంతోపాటు కంప్యూటరులో అచ్చు తీసిన కాగితాలు. పైన నా కొడుకు ఫొటో ఉంది. మా అమ్మాయి శ్రీదేవి మొగుడు ప్రదీప్‌కుమార్‌కు ఇంగ్లీషు వస్తుంది. అంగడిలో నా ఎదురుగా కూర్చుని చూసుకున్నాడు. వాడి ముఖం మారింది.

"చదవల్లనా మామా?" అన్నాడు.

"చదువప్పా. వాడు రాసిందే కదా."

"వద్దులే మామా. మనసు కష్టపడతాది."

"చదువమంటి కదా!" అని అరిచాను. అంగడిలో అందరూ తిరిగి చూశారు.

చదివాడు. నీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను. "మా అమ్మ గడపకు పూసే పసుపు వంటింటి జాడీలో ఉంటుంది, అంగడి పసుపు అంగడిలోనే ఉంటుంది" అని మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఒకసారి జాడీ అడుగంటితే, తాను అంగడి నుంచి గుప్పెడు తెచ్చి అందులో పోశాడట. నేను చూసి జాడీ మొత్తం పెరట్లో పారబోయించానట. ఆ రోజే తనకు అర్థమయిందట, మా నాయన ఊరికి అమ్మేది మా ఇంట్లో తినకూడనిదని. పాలిష్ డ్రమ్ములో కొమ్ములతో పాటు రంగు పొడి ఎంత వేస్తామో రాశాడు. ఆ డ్రమ్ము తిప్పే గిడ్డమ్మకు దగ్గు ఎందుకు తగ్గదో రాశాడు. దసరాకు గిడ్డమ్మ ఒడిలో నేను పోసే పసుపు జాడీలోది కాదని రాశాడు. అంగడి పేరు రాశాడు. నా పేరు రాశాడు.

కంప్యూటర్ పాఠాలు అన్నావు కదా నాతో.

ఆ పేజీ తీసెయ్యి. ఫొటో ఉంచు, పేరు ఉంచు. మిగతాదంతా తీసెయ్యి. ఈ ఉత్తరం అందిన రోజే చెయ్యి.

నారాయణ

•

బుధవారపేట, కర్నూలు,
17 ఏప్రిల్ 2005

నారాయణ మామ గారికి,

మీకు అబద్ధం రాశాను. కొడుకు పోయి మూడు నెలలు కాని మనిషికి ఆ పేజీ సంగతి ఎలా చెప్పాలో తెలియక రాశాను. మీరు తెర మీద ఫొటో చూసుకుని ఊరట పడుతుంటే దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. అందుకు క్షమించండి.

పేజీ మాత్రం తీయలేను.

అది వాడు ఒక్క రాత్రిలో కోపంతో రాసింది కాదు మామా. నెల రోజులు రాశాడు. మళ్లీ మళ్లీ దిద్దాడు. మొదట మీ పేరు లేదు. "పేరు లేకుండా రాస్తే చాడీ అవుతుంది సుంకా" అని తర్వాత పెట్టాడు. గిడ్డమ్మ దగ్గు సంగతి ఇక్కడ ఛాతీ డాక్టరును అడిగి, ఆయన చెప్పినంతే రాశాడు. మీరు అందులో ఒక్క అబద్ధం చూపించండి. ఆ వాక్యం ఈ పూటే తీసేస్తాను.

పేరు రిజిస్టరు చేసినప్పుడు వాడు నవ్వాడని రాశాను. ఏమన్నాడో రాయలేదు. "చూడు సుంకా, ఆ ఇంటిపేరు వద్దనే కదా ఈడికొచ్చింది. అది తగిలించకుంటే నా పేరు కూడా నాకు దొరకదంట" అన్నాడు. మీరు ఇంట్లోంచి పొమ్మన్న రోజు ఏమన్నారో కూడా నాకు చెప్పాడు. 'ఆ రంగు దుడ్లతోనే కదరా నీ చదువు' అన్నారట. ఆ మాట వాడు పేజీలో రాయలేదు. రాయమని నేనన్నా వద్దన్నాడు. "అది మా ఇంటి మాట" అన్నాడు.

పసుపుకు రంగు వేయడం మానండి. మానిన రోజు ఆ పేజీ మీద, ఇది ఇప్పుడు జరగడం లేదని నేనే రాస్తాను. వాడికి కావలసిందీ అంతే.

సుంకప్ప

•

కడప,
2 మే 2005

శ్రీ సుంకప్ప గారికి,

నీతులు బాగా చెప్పారు. యాభై ఏళ్లుగా మార్కెట్ యార్డులో ఉన్నవాడికి బంట్రోతు కొడుకు వ్యాపారం నేర్పుతున్నాడు.

ఒక ఏడు నేను రంగు లేకుండా పంపాను. మీ స్నేహితుడు అది రాయలేదు కదా? వాడికప్పుడు నాలుగేళ్లు. మూటలకు మూటలు వెనక్కి వచ్చాయి. "ఏమప్పా నారాయణా, పాచిపోయిన సరుకు పంపినావే" అన్నారు. పక్క అంగడి సరుకు మెరుస్తుంటే నాది మట్టి రంగులో ఉంది. జనానికి కావలసింది మెరుపు. మెరుపు అడిగి కొనుక్కుపోయి, ఎందుకు మెరిసిందని నన్ను అడుగుతారా? ఆ ఏడు మీ అత్త గాజులు కుదువబెట్టి అంగడి నిలబెట్టాను. మరుసటి ఏడు డ్రమ్ములో రంగు వేశాను. వేసిన చేత్తో అన్నం తినలేదు ఆ రోజు. అది ఎవరు రాస్తారు?

బస్సు దిగి వచ్చిన ప్రతిసారీ నా ఇంట్లో మీకు విస్తరి వేశాము. మా నాయన కాలంలో మీ వాళ్లు అంగడి మెట్టు కింద నిలబడి సరుకు పట్టుకుపోయేవాళ్లు. నేను వంటింటి దాకా రానిచ్చాను. దానికి ఇదా మర్యాద?

పైగా నా కొడుకు పేరును నీ పేరు మీద రాయించుకున్నావు. కన్నది నేను, పేరు పెట్టింది నేను. పురుడు నాడు చెవిలో మూడుసార్లు పిలిచింది నేను. ఇప్పుడు ఆ పేరుకు హక్కుదారువు నీవా? ప్రదీప్‌కుమార్ వకీలుతో మాట్లాడుతున్నాడు. అక్కడిదాకా తేవద్దు.

వంకదారి నారాయణ

•

బుధవారపేట, కర్నూలు,
11 జూలై 2005

నారాయణ గారికి,

మీ వకీలు నోటీసు అందింది. దానికి నేను భయపడలేదు. నోటీసు గురించి కాదు ఈ ఉత్తరం.

పోయిన ఆదివారం నాగలక్ష్మమ్మ అత్త కర్నూలు వచ్చింది. మీకు మంత్రాలయం పోతున్నానని చెప్పి వచ్చానంది. శ్రీదేవి తోడు ఉంది. గది వెతుక్కుంటూ వచ్చి వాడి మంచం మీద కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు. చాలాసేపు దుప్పటిని సర్దుతూనే ఉంది.

"వాడు రాసింది నిజమా, అబద్ధమా అని నన్ను అడగొద్దు నాయనా. ఆ జాడీ కడిగి తిరగబెట్టింది నేనే. నాకు తెల్దా?" అంది.

"మరి ఎందుకు తియ్యమంటావు అత్తా?"

"బజారులో వాని పేరు చెప్పి తిడతాండారప్పా. కన్నతండ్రి కడుపు కొట్టిన కొడుకంట. అట్లాంటోడు పోయిందే మేలంట. పాలు పోసేది కూడా అనింది. నేను చెవులారా విన్నా." దుప్పటి అంచును మళ్లీ సర్దింది. "బతికుంటే వాడే జవాబు చెప్పుకునేటోడు. పోయినోన్ని తిట్టించొద్దు సుంకప్పా. నీకు దండం పెడతా."

ఆవిడ నిజంగానే చేతులెత్తింది. మీ నోటీసు చేయలేని పని అది చేసింది.

పేజీ తీసేశాను. పేరును కూడా వదులుకుంటున్నాను. హక్కుదారు గడిలో నా పేరు కొట్టేసి, శ్రీదేవి చెప్పినట్టు ప్రదీప్‌కుమార్ పేరు, అతని ఈమెయిలు పెట్టాను. సంకేతపదం వేరే కవరులో పంపుతున్నాను. ఇక ఆ పేరుతో నాకేమీ లేదు. మీ ఇంటిపేరు, మీ కొడుకు పేరు.

మెట్ల సంగతి, విస్తరి సంగతి రాశారు. మీ ఇంట్లో నేను తిన్న కూరల్లో వేసింది జాడీలోదా, అంగడిదా అని అడగాలని ఉంది. అడగను. అత్త చేతి వంట అది.

సుంకప్ప

•

కర్నూలు,
26 ఫిబ్రవరి 2006

నారాయణ గారికి,

మళ్లీ రాయకూడదనే అనుకున్నాను. నిన్న రాజ్‌విహార్ దగ్గర కంప్యూటర్ పాఠం అయ్యాక, అలవాటు కొద్దీ వాడి పేరు కొట్టాను. ఫొటో అయినా ఉంటుందని.

ఫొటో ఉంది. గండికోటను, పెన్నను, ఆకాశాన్ని కత్తిరించేసి ముఖం ఒక్కటే మిగిల్చారు. తల వెనకాల సూర్యుడిలా పచ్చటి చక్రం పెట్టారు. కింద 'సుదర్శన్ పసుపు' అని పెద్ద అక్షరాలు. 'రాయలసీమలో ఇంత మెరిసే పసుపు ఇంకెక్కడా లేదు' అని దాని కింద. ప్యాకెట్టు బొమ్మ కూడా ఉంది. దాని మీద కూడా వాడే నవ్వుతున్నాడు. ఏజెంట్లు కావాలట, ఫోన్ నంబరు ప్రదీప్‌కుమార్‌ది.

ఒక్క ప్రశ్న అడుగుతాను. జవాబు రాయకపోయినా ఫర్వాలేదు, మీకు మీరే చెప్పుకోండి. ఆ ప్యాకెట్టులో ఉన్నది ఏ పసుపు?

వాడు దేన్ని కాదని ఇల్లు వదిలాడో దాని మీదే వాడి ముఖం అతికించారు. పేజీ తీయమన్నారు, తీశాను. ఇలా వాడమని ఇవ్వలేదు. పోయినవాణ్ణి తిట్టించవద్దని అత్త అడిగింది. తిట్లే నయం అనిపిస్తోంది.

సుంకప్ప

•

కడప,
3 సెప్టెంబరు 2006

నాయనా సుంకప్పా,

ఈ పిలుపుకు నాకు హక్కు లేదు. కానీ ఇంకోలా రాయడం చేతకాలేదు.

ఫిబ్రవరిలో నీ ఉత్తరం చదివి చించేశాను. నీవు ఓర్వలేక రాశావనుకున్నాను. నిజం చెబుతాను, ఆ ప్యాకెట్టు మొదట నాకు ఆనందమే ఇచ్చింది. "బామ్మర్ది పేరు ఊరూరా పలుకుతాది మామా. ఇంతకంటే ఏమి కావల్ల?" అన్నాడు ప్రదీప్‌కుమార్. మొదటి పెట్టె విప్పి చూస్తే నూరు మంది సుదర్శన్‌లు నన్ను చూసి నవ్వారు. కళ్లనీళ్లు వచ్చాయి. లోపల ఏముందని నేను అడగలేదు. అడగకపోవడం నాకు అలవాటే.

అప్పటికే అంగడి నా చేతిలో లేదు. మద్రాసు బేరం పోయాక తట్టుకోలేక ప్రదీప్‌కుమార్‌ను భాగస్తుణ్ణి చేశాను. తర్వాత కంటి ఆపరేషన్ అన్నారు, అంగడి కాగితాల మీద, ఇంటి కాగితాల మీద సంతకాలు అన్నారు. ఇప్పుడు నేను పొద్దున పోయి దీపం పెట్టి వచ్చేవాణ్ణి.

జూన్‌లో ఒక రోజు గిడ్డమ్మ మా ఇంటి పెరట్లోకి వచ్చింది. పని మానుకుని ఏడాది అయింది, నడిస్తే ఆయాసం. గోతం సంచి ఒకటి దించింది. అందులో అన్నీ ఖాళీ ప్యాకెట్లు. బురదవి, చినిగినవి, పశువులు నమిలినవి.

"ఇవేమే గిడ్డమ్మా?" అని మీ అత్త అడిగింది.

"చిన్నశెట్టి బొమ్మ ఉండాది కదమ్మా. యాడ చూసినా కాలవలో, చెత్త తిప్పలో పడి ఉండారు. తొక్కుకుంటా పోతాండారు జనం. నాకు మనసొప్పలే. కనిపించినవన్నీ ఏరుకొచ్చినా. మీరే ఏమన్నా చేయండి, నాకు తెల్దు" అంది.

మీ అత్త ఒక్కొక్కటే తీసి, కొళాయి కింద కడిగి, తీగ మీద ఆరేసింది. మధ్యాహ్నమంతా పెరట్లో నా కొడుకు ముఖాలు గాలికి ఊగుతూ ఉన్నాయి. నేను గడపలో కూర్చున్నాను. లోపలికి పోలేను, బయటికీ రాలేను. ఆ రోజు నుంచి మీ అత్త నాతో మాట్లాడదు. అన్నం పెడుతుంది, మాట్లాడదు.

అంగడికి పోయి ఒక ప్యాకెట్టు చింపి పళ్లెంలో పోసి నీళ్లు కలిపాను. యాభై ఏళ్ల చెయ్యి, నాకు నీళ్లు చూస్తే తెలుస్తుంది. నేను వేసినదానికి రెండింతలు వేస్తున్నాడు. రంగైనా మాను, పేరైనా తీసెయ్ అన్నాను.

"రంగు నేర్పించింది ఎవరు మామా?" అన్నాడు. అంగడిలో పనివాళ్లందరూ వింటూనే ఉన్నారు.

"అయితే పేరు తియ్యి. అది నా కొడుకు పేరు."

"కొడుకు నీవాడే. పేరు నా మీద ఉండాది. కాగితం చూసుకో" అన్నాడు.

ఒకప్పుడు నేను నీకు రాసిన మాట గుర్తొచ్చింది. చెవిలో పిలిచింది నేను, హక్కు నీకెక్కడిదని. ఇప్పుడు ఆ మాట వాడికి చెబితే నవ్వుతాడు.

ఆ పేరు మళ్లీ తీసుకోవడానికి దారి ఉందా? నీవు ఇచ్చిందే కదా, నీవు అడిగితే ఇస్తారేమో. అడిగి చూడు నాయనా. ఈ సంగతి ఇంకెవరిని అడగాలో నాకు తెలియదు.

నారాయణ

•

బుధవారపేట, కర్నూలు,
15 సెప్టెంబరు 2006

నారాయణ మామ గారికి,

దారి లేదు.

హైదరాబాదు ఏజెంటుకు ఫోన్ చేశాను. నేను ఇష్టపూర్వకంగా మార్చానని వాళ్ల దగ్గర నా ఈమెయిలే ఉంది. అతను వదులుకుంటే తప్ప రాదు. గడువు తీరేదాకా కాచుకుందామంటే, పదేళ్లకు ఒకేసారి కట్టేశాడట. కోర్టుకు పోవచ్చు, కానీ పోయినవాడి పేరు మీద ఎవరికి హక్కో వకీళ్లకే తెలియడం లేదు. అడిగిన ప్రతిచోటా, హక్కుదారు గడిలో ఎవరుంటే వాళ్లదే అన్నారు.

మీ ఉత్తరం చదివితే కోపం పోతుందనుకున్నాను. పోలేదు. గిడ్డమ్మ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆమె ఎలా ఉంది? ఎవరైనా డాక్టరుకు చూపిస్తున్నారా? మీరు రాయలేదు.

వాడి పాత పేజీ నా దగ్గర ఉంది. తీసేసే ముందు సీడీలో దాచుకున్నాను. ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదు. అత్తకు ఇచ్చిన మాట అది. ఇకముందు కూడా ఆమె అడిగితే తప్ప చూపించను.

మీరు అంగడి మీద కల్తీ ఫిర్యాదు చేయవచ్చు. ఆ దారి ఒకటుంది.

సుంకప్ప

•

కడప,
8 అక్టోబరు 2006

సుంకప్పా,

ఫిర్యాదుకు పోయాను. మెట్లెక్కి, ఆఫీసరు ముందు కూర్చుని, నోరు తెరిచి, "మా వీధిలో కుక్కలు ఎక్కువైనాయి" అని చెప్పి వచ్చాను. అది వేరే ఆఫీసుకు చెప్పుకోవాలన్నాడాయన. మా శ్రీదేవి నాలుగు నెలల గర్భవతి. మొగుణ్ణి జైలుకు పంపితే అది నన్ను ఏమంటుంది? వాడికంటే ముందు పట్టుకోవలసింది నన్ను. ఈ కారణాలన్నీ దారిలో కూడబలుక్కున్నవే. అసలు సంగతి ఏమంటే, ధైర్యం చాలలేదు.

గిడ్డమ్మను కర్నూలు పెద్దాసుపత్రికి పంపాను. ఊపిరితిత్తుల్లో గాయం మానేది కాదట. "శెట్టీ, నా మీద నీకెందుకింత దయ వచ్చింది?" అని నవ్వింది. ఆ మాట ఎగతాళో కాదో నాకు తెలియలేదు. అక్కడే వార్డులో ఉంది, నీకు కుదిరితే చూసి రా.

నిన్న మీ అత్త దగ్గర కూర్చుని నీ ఉత్తరం చదివాను. సీడీ సంగతి వచ్చేసరికి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చూపించమను" అంది. నాలుగు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. అందుకే ఈ ఉత్తరం.

వాడి పేరు ఇక మనకు దొరకదు. దొరకకపోనీ. నాకు ఇంకో పేరు రిజిస్టరు చేసి పెట్టు. వంకదారి నారాయణ. ఇంటర్నెట్టులో అది ఎవరూ తీసుకుని ఉండరు, తీసుకోవడానికి దాన్లో ఏముంది? దాని కింద వాడు రాసింది పెట్టు. ఒక్క అక్షరం మార్చవద్దు. అంగడి పేరు ఉండాలి, జాడీ ఉండాలి, గిడ్డమ్మ ఉండాలి. చివర ఒక్క వరుస నాది పెట్టు: పైన నా కొడుకు రాసిందంతా నిజం, చేసింది నేను, ఇప్పటికీ నా అంగడిలో జరుగుతూ ఉంది, కొనవద్దు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ పెట్టు. మద్రాసు వ్యాపారికి నేనే కార్డు రాస్తాను.

వాడి ఫొటో వద్దు. వాడు కాలవల్లో పడింది చాలు. నా ఫొటో ఈ కవరులో ఉంది. రేషను కార్డుకు తీయించింది, బాగుండదు. తిట్టుకునేవాళ్లకు ముఖం కనిపిస్తే చాలు.

ఇది చూశాక ప్రదీప్‌కుమార్ మమ్మల్ని ఇంట్లో ఉండనివ్వడు. శ్రీదేవి రాకపోకలు మానేస్తుంది. మీ అత్తకు ఇవన్నీ చెప్పే రాస్తున్నాను. నాకు రాత్రి ఒక ఆలోచన, పొద్దున ఇంకో ఆలోచనగా ఉంది. ఆఫీసరు ముందు కుక్కల మాట చెప్పి వచ్చినవాణ్ణి, నన్ను నేనే నమ్మను. మనవడు పుడితే, వాణ్ణి తెచ్చి ఒడిలో పెడితే, మళ్లీ నీ దగ్గరికి వచ్చి పేజీ తీయమంటానేమో.

అందుకని హక్కుదారు గడిలో నా పేరు రాయవద్దు. నీ పేరే రాసుకో. నేనే వచ్చి, నీ కాళ్లు పట్టుకుని అడిగినా సరే, ఇవ్వవద్దు.

నారాయణ